తడ దాటిన చందమామలు

మద్రాసు నుంచి ఉత్తరంగా గూడూరు వైపు సాగే రైలుమార్గంలో ఆరంబాకం దాటిన తరువాత వచ్చే తడ, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన, పులికాట్ సరస్సుకు చేరువగా ఉన్న ఒక చిన్న ఊరు. అంతవరకు నెల్లూరు, చెంగల్పట్టు జిల్లాల నడుమ ఉన్న గీత ఆ రోజుతో రెండు రాష్ట్రాల నడుమ గీతగా మారగా, తడ సరిహద్దు ఊరైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఇది నెల్లూరును విడిచి తిరుపతి జిల్లాలో చేరింది. ఊరి పేరు తెలుగు పత్రికల చరిత్రలో ఎక్కడా కనిపించదు. అయితే మద్రాసులో అచ్చయ్యే తెలుగు పత్రికల కట్టలు రైలులో కోస్తా జిల్లాల ఏజెంట్లకు చేరాలంటే తడ మీదుగా పోవడం తప్ప వేరే దగ్గరి దారి లేదు. ఆ పత్రికలలో ఈనాటికీ పాత సంచికల కోసం మనుషులు వెతుకులాడేది ప్రధానంగా ఒక్కదాని కోసమే. అది 1947 జులైలో, దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, తెలుగులో ‘చందమామ’గా, తమిళంలో ‘అంబులిమామ’గా వెలువడిన పిల్లల మాసపత్రిక.

అమెరికాలో బొమ్మల కథల పుస్తకాలను సేకరించేవారు తమ సేకరణను యుగాలుగా విభజించుకుంటారు. సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికతో ఆరంభమైన కాలాన్ని స్వర్ణయుగమనీ, ‘ఫ్లాష్’ అనే వీరుడు కొత్త రూపంలో తిరిగివచ్చిన 1956తో మొదలైన కాలాన్ని రజతయుగమనీ అంటారు. ఏ వీరుడు ఏ సంచికలో తొలిసారి అడుగుపెట్టాడన్నది అక్కడ వెలను నిర్ణయించే ప్రధానమైన కొలమానం. చందమామకు ఈ కొలమానం నేరుగా అతకదు, ఎందుకంటే అది గడులుగా విభజించిన బొమ్మలలో సంభాషణలు నింపే కామిక్ కాదు. కథ అక్షరాలలో నడుస్తుండగా ప్రతి పుటలోనూ ఒక బొమ్మ ఆ కథకు తోడుగా నిలిచే సచిత్ర కథాపత్రిక. అయినప్పటికీ శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడు, మంత్రదండం పట్టిన జీవదత్తుడు తెలుగు పిల్లల మనసులో ఆక్రమించుకున్న చోటు, అమెరికన్ పిల్లల మనసులో సూపర్‌మాన్ ఆక్రమించుకున్న చోటు ఒకటే కాబట్టి, చందమామకూ యుగవిభజన చేయడం అసందర్భం కాదు. అయితే ఆ విభజనను వయసును బట్టి కాక చేతులను బట్టి చేయాలి, అంటే ఏ కాలంలో ఏ రచయిత, ఏ చిత్రకారుడు, ఏ సంపాదకుడు ఒకే పుట మీద కలిశారన్నదాన్ని బట్టి చేయాలి.

పత్రికను స్థాపించినవారు ఇద్దరు. కడప జిల్లాకు చెందిన బొమ్మిరెడ్డి నాగిరెడ్డి ముద్రణాలయాన్నీ, వ్యాపారాన్నీ చూసుకోగా, తెనాలికి చెందిన చక్రపాణి కథల ఎంపికను తన చేతిలో పెట్టుకున్నారు. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. శరత్‌చంద్ర నవలలను బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చి అప్పటికే పేరు గడించినవారు. వీరిద్దరే విజయా సంస్థ పేరిట ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) వంటి చిత్రాలను నిర్మించారన్న సంగతి పత్రిక చరిత్రకు అవాంతర విషయం కాదు. మాంత్రికుడు, సాహసి, రాకుమారి, పాతాళగుహ అనే సామగ్రిని తెరకూ కాగితానికీ ఒకేసారి వాడుకున్న ఇల్లు అది. వడపళనిలో పత్రిక కార్యాలయమూ చిత్రీకరణ శాలలూ ఒకదానికొకటి దగ్గరగానే ఉండేవి. పిల్లల పత్రిక అనే ఆలోచన మాత్రం కొత్తది కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లోనే మద్రాసు నుంచి వెలువడుతూ ఉండేది. చందమామ తెచ్చిన కొత్తదనం పుటపుటకూ బొమ్మ పెట్టడంలోనూ, ఆ బొమ్మలను పలు భాషలకు పంచడంలోనూ ఉంది.

ఈ పంపకాన్ని కొంత వివరించాలి. ఆనాటి ముద్రణలో బొమ్మను లోహపు రేకు మీదికి దించి, ఆమ్లంతో తినిపించి ఎత్తుపల్లాలుగా చేసిన అచ్చును బ్లాకు అనేవారు. గీతలతో మాత్రమే ఉన్న బొమ్మకు గీత బ్లాకు సరిపోయేది. నీడలు, మెత్తని రంగులు ఉన్నదానికి చిత్రాన్ని సన్నని చుక్కలుగా విడగొట్టే హాఫ్‌టోన్ బ్లాకు కావలసి వచ్చేది. బ్లాకు చేయించడం ఖర్చుతో కూడిన పని కనుక, ఒక్క భాషలో అమ్ముడయ్యే పత్రికకు ప్రతి పుటలో బొమ్మ అనేది మోయలేని బరువు. అదే బొమ్మను అన్ని భాషల కూర్పులలోనూ అదే చోట నిలిపి, మిగిలిన జాగాలో ఆయా భాషల అక్షరాలను కూర్చితే ఆ బరువు పంచుకోబడుతుంది. కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒడియా, ఇంగ్లీషు కూర్పులు 1948 నుంచి 1956లోపు ఒకటొకటిగా చేరగా, బెంగాలీ 1972లో, సంస్కృతం 1984లో వచ్చాయి. తడ ప్రాంతంలో, అంటే తెలుగు, తమిళం రెండూ ఇంటా బజారునా వినిపించే సీమలో, గీతకు ఇవతలి పిల్లవాడు చందమామలోనూ అవతలి పిల్లవాడు అంబులిమామలోనూ చూసింది ఒకే బొమ్మను; మారింది అక్షరం మాత్రమే. ఈ కారణంగానే ఇప్పటికీ తెలుగు సంచిక దొరకని సేకర్త అదే కాలపు తమిళ సంచికను బొమ్మ కోసం కొని దాచుకోవడం వింతగా తోచదు.

చందమామ తొలి దశను, అంటే 1947 నుంచి సుమారు 1952 వరకు ఉన్న కాలాన్ని, అరుదైనది కాబట్టి విలువైనదిగా భావించడం సేకర్తల అలవాటు. అరుదనే మాట నిజమే. ఆ సంచికలు చేజిక్కడం చాలా కష్టం. ఆ కాలపు ముఖచిత్రాలలో మైసూరు సీమకు చెందిన ఎం.టి.వి. ఆచార్య చేతిపని కనిపిస్తుంది. శరీర నిర్మాణ జ్ఞానం, నగల పనితనం, నిండైన రంగులు కలిసిన ఆయన మహాభారత చిత్రాలు పత్రికకు తొలి గౌరవాన్ని సంపాదించి పెట్టాయి. అయినా లోపలి పుటల కథలు ఇంకా తమ నడకను వెతుక్కుంటున్న స్థితిలోనే ఉన్నాయి. వాక్యం ఒకచోట గ్రాంథికం వైపు వాలి, మరొకచోట పిల్లలతో ముద్దుమాటలాడే ధోరణికి దిగుతుంది. అరుదుదనానికీ శ్రేష్ఠతకూ తేడా చూడగలిగిన సేకర్తకు ఇది పునాది కాలమే గాని శిఖరం కాదు.

శిఖరానికి ఎక్కే మెట్టు 1952. ఆ సంవత్సరం కొడవటిగంటి కుటుంబరావు, దాసరి సుబ్రహ్మణ్యం పత్రికలో చేరారు. ‘చదువు’ నవలా రచయితగా, కథకుడిగా అప్పటికే స్థిరపడిన కుటుంబరావు 1980 ఆగస్టు 17న మరణించేవరకు చందమామ వచనాన్ని తీర్చిదిద్దారు. సంపాదకుడిగా అచ్చులో చక్రపాణి పేరే ఉండగా, కుటుంబరావు పేరు పుట మీద కనిపించకపోవడం ఆ పత్రిక పద్ధతి. ఆయన ఎన్నుకున్న భాష వాడుక తెలుగే అయినా ఏ ఒక్క జిల్లా యాసకూ చెందనిది. చిన్న వాక్యం, సూటియైన క్రియ, వర్ణనకు చోటివ్వని వేగం దాని లక్షణాలు. శ్రీకాకుళం పిల్లవాడికీ చిత్తూరు పిల్లవాడికీ సమానంగా అర్థమయ్యే వచనాన్ని నెలనెలా మూడు దశాబ్దాలకు దగ్గరగా అందించిన పని తెలుగు విద్యారంగంలో పాఠ్యపుస్తకాలు కూడా చేయలేదని అనడం అతిశయోక్తి కాకపోవచ్చు.

బేతాళ కథల సంగతి ఈ సందర్భంలోనే చెప్పుకోవాలి. ఒక పెద్ద కథ లోపల చిన్న కథలను పొదిగి, పెద్ద కథను చట్రంగా మాత్రమే వాడే పద్ధతిని చట్రకథ అంటారు. సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’లో విక్రమార్కుడు, బేతాళుడు చట్రంగా ఉన్న కథలు పాతిక. మాసపత్రికకు అవి రెండేళ్ళకు మించి సరిపోవు. పాతిక అయిపోయిన తరువాత కూడా చట్రాన్ని అలాగే నిలిపి, లోపలి కథనూ చివరి ప్రశ్ననూ కొత్తగా అల్లుకుంటూ వందలాది కథలుగా సాగించడం చందమామ చేసిన సాహసం. బేతాళుడి ప్రశ్నకు జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుందన్న నియమం, చెబితే మౌనభంగమై శవం చెట్టెక్కుతుందన్న నియమం కలిసి, అంతం లేని కథకు శాస్త్రోక్తమైన అనుమతినిచ్చాయి. అమెరికన్ వీరుల కథలు కూడా ముగియకుండా సాగడానికి ఇటువంటి ఉపాయాలనే వెతుక్కున్నాయి గాని, వాటిలో ఏదీ ఇంత పొదుపైనది కాదు. విక్రమార్కుడు కత్తి దూసి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే శీర్షిక బొమ్మను గీసినవారు శంకర్. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్, మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి వద్ద చదువుకుని, 1950ల ఆరంభంలో చందమామలో చేరి, పత్రిక ఆగిపోయేవరకు బొమ్మలు వేశారు. 2020 సెప్టెంబరులో 96 ఏళ్ళ వయసులో మరణించిన ఆయనకు మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు.

సేకర్తలు అన్నిటికంటే ఎక్కువగా కోరేది మాత్రం సీరియల్‌ను, అంటే నెలకు కొంత చొప్పున సాగే ధారావాహికను. 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ వరకు దాసరి సుబ్రహ్మణ్యం రాసిన పన్నెండు ధారావాహికలే తెలుగులో వీరసాహస కథకు ఒక సంప్రదాయాన్ని ఏర్పరచాయి. ఆయన కథానాయకులు తరచు జంటగా వస్తారు: ఖడ్గవర్మకు కత్తి బలమైతే జీవదత్తుడికి మంత్రశక్తీ వివేకమూ బలం. వారు రాజ్యం కోసం గాక, మాటిచ్చినందుకో, తోటివాడి ఆపద తీర్చేందుకో బయలుదేరి, అడవి తెగల నాయకులనూ, గండభేరుండాలనూ, మతి తప్పిన మాంత్రికులనూ ఎదుర్కొంటారు. ప్రతి నెలా కథ ప్రమాదపుటంచున ఆగుతుంది. మాంత్రికుడు ఎంతటి భయంకరుడైనా దాసరి చేతిలో కొంత హాస్యాస్పదుడు కూడా అవుతాడు. ఈ చిరునవ్వే ఆయన కథలను తరువాతి అనుకరణల నుంచి వేరు చేస్తుంది.

ఆ కథలకు ముఖాలిచ్చినవారు చిత్ర. అసలు పేరు టి.వి. రాఘవన్, కళాశాలలో శిక్షణ పొందకుండానే సొంతంగా నేర్చుకున్నవారు. శంకర్ బొమ్మలో ఆలయశిల్పపు నిదానం, వస్త్రాభరణాల వివరం ఉంటే, చిత్ర బొమ్మలో కదలిక ఉంటుంది: ఎగిరే ఉత్తరీయం, వంగిన చెట్టు, గుర్రం మీద నుంచి దూకబోతున్న మనిషి. ఆయన రాక్షసులకు బొజ్జలు, ఆయన మాంత్రికులకు గడ్డాలు ఎంత ప్రత్యేకమైనవంటే, సంతకం లేకపోయినా గుర్తుపట్టవచ్చు. చిత్రా, శంకరూ ఒకే సంచికలో పక్కపక్కన ఉండడం, అదే సంచికకు వడ్డాది పాపయ్య ముఖచిత్రం తోడుకావడం 1960లలో తరచుగా జరిగిన విషయం. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, అప్పటి విశాఖ జిల్లా కశింకోటలో స్థిరపడిన పాపయ్య ‘వ.పా.’ అనే పొట్టి సంతకంతో పసుపు, కుంకుమ, నీలి రంగుల పొగలో తేలే పురాణపాత్రలను సృష్టించారు. ఆచార్య ముఖచిత్రం నాటక రంగస్థలమైతే వ.పా. ముఖచిత్రం కలను పోలి ఉంటుందనడం న్యాయం.

ఈ కారణాల వల్ల చందమామ స్వర్ణయుగాన్ని 1954 నుంచి 1975 దాకా నిర్ణయించడం సమంజసం. అందులోనూ ‘పాతాళదుర్గం’ నుంచి ‘యక్షపర్వతం’ వరకు నడిచిన సంవత్సరాలను దాని నడిబొడ్డుగా ఎంచవచ్చు. ఆ కాలంలో ఒక్క లోటు ఉంది. 1970ల నడుమ, ‘మాయాసరోవరం’ మొదలవకముందు, జానపద ధారావాహిక చోట బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ని నడిపారు, బెంగాలీ సాహిత్యంపై చక్రపాణికి ఉన్న మక్కువను బట్టి అది సహజమే అయినా, మాంత్రికుల కోసం ఎదురుచూసే పాఠకులకు అది పెద్దల కథగానే మిగిలింది. ఆ సంచికలు బైండు పుస్తకాలలో తరచు లోపించడం ఆశ్చర్యకరం కాదు.

క్షీణత ఒక్కసారిగా రాలేదు, కాని మరణాలు వరుసగా వచ్చాయి. 1975 సెప్టెంబరులో చక్రపాణి, 1978లో చిత్ర, 1980లో కుటుంబరావు వెళ్ళిపోయారు. దాసరి పత్రికలోనే మరో పాతికేళ్ళు కొనసాగినా, ‘భల్లూక మాంత్రికుడు’ తరువాత ఆయన ధారావాహిక రాలేదు. ఆ స్థానాన్ని పురాణకథలు ఆక్రమించాయి. నాగిరెడ్డి కుమారుడు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో 1980లలో పత్రిక ముద్రణ మెరుగుపడింది, వసుంధర పేరుతో రాసిన జొన్నలగడ్డ రాజగోపాలరావు, రామలక్ష్మి దంపతుల వంటి కథకులు చిన్నకథను నిలబెట్టారు. కనుక దీన్ని రజతయుగమనడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. 1998లో ప్రచురణ ఆగి, కొత్త యాజమాన్యంతో 1999 చివర తిరిగి మొదలై, 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ సంస్థ చేతికి వెళ్ళి, 2010ల ఆరంభంలో పూర్తిగా ఆగిపోయిన చివరి కథను ఇక్కడ సాగదీయవలసిన పని లేదు. దాసరి 2010 జనవరిలో విజయవాడలో మరణించారు. ఆయన ధారావాహికలు పుస్తకాలుగా రావడం ఆ తరువాతి ముచ్చట.

సేకరణ పద్ధతి విషయంలో తెలుగు ఇళ్ళకు తమదైన ఆచారం ఒకటి ఉంది. నెలనెలా సంచికలలోని ధారావాహిక పుటలను మాత్రమే చించి, కథ ముగిశాక వరుసగా కుట్టించి బైండు చేయించడం ఆ ఆచారం. చదువరికి ఇది వరం, సేకర్తకు శాపం. ఎందుకంటే కథ దక్కినా ముఖచిత్రమూ, ఫోటో వ్యాఖ్యల పోటీ పుటా, ప్రకటనలూ అన్నీ పోతాయి. పూర్తి సంచికలనే ఆరేసి నెలలకో ఏడాదికో ఒక సంపుటంగా కట్టించిన ఇళ్ళలో కూడా బైండు చేసేవాడు అట్టలను తీసివేసి అంచులను కోసేవాడు. అందుచేత అట్ట చెక్కుచెదరని విడి సంచికకు, అది ఎంత నలిగినా, బైండులోని శుభ్రమైన ప్రతికంటే ఎక్కువ విలువనివ్వాలి. కలపగుజ్జుతో చేసిన కాగితంలోని ఆమ్లం పుటను పసుపుగా, పెళుసుగా మారుస్తుంది. పులికాట్ ఒడ్డున ఉండే తడ, సూళ్ళూరుపేట వంటి ఊళ్ళలో ఉప్పుగాలి పుటలను కలిపే పిన్నులను తుప్పు పట్టించి నడిమి పుటను ముందుగా రాల్చేస్తుంది.

తేదీ ఉన్న పుట పోయిన సంచిక కాలాన్ని నిర్ణయించడానికి మూడు గుర్తులు ఉపకరిస్తాయి. దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి వెల అణాలలో ఉన్నది చాలావరకు అంతకు ముందుది. వెల నయాపైసలలో ఉన్నది, ‘నయా’ అనే మాటను తొలగించిన 1964కు ముందుది. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న ప్రవేశించింది గనుక చిరునామాలో ‘మద్రాసు-26’ అని మాత్రమే ఉంటే స్వర్ణయుగపు ప్రతి అయ్యే అవకాశం ఎక్కువ. ‘600 026’ ఉంటే 1972 ఆగస్టు తరువాతిది. నగరం పేరు చెన్నై అని ఉంటే 1996కు ఇవతలిదే. పునర్ముద్రణలలో, కొత్త సంచికలలో పాత కథలను పాత బొమ్మలతోనే తిరిగి వేయడం చందమామలో మామూలు కనుక, బొమ్మను చూసి కాలం నిర్ణయించడం మోసపోవడానికి దగ్గరి దారి.

పాత చందమామలు దొరికే చోట్లు హైదరాబాదులో ఆబిడ్స్, కోఠి కాలిబాటలకు కుదించుకుపోయాయి. తడ, సూళ్ళూరుపేట, గూడూరు వైపు చదువరులకు ఒకప్పుడు దగ్గరగా ఉన్న పెద్ద పాత పుస్తకాల బజారు మద్రాసు సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్. ఎర్రరాతి రంగు గోడలతో 1900 ప్రాంతంలో తెరుచుకున్న ఆ కట్టడంలోని అంగళ్ళు 1985 మే 30న అగ్నికి ఆహుతయ్యాయి. తడలో సబర్బన్ రైలెక్కి చెన్నై చేరేవారు ఇప్పుడు దిగే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషనును కట్టింది ఆ స్థలంలోనే.